నలభై రెండో వీధిలో ఒక రైలు కూత

న్యూయార్క్ వెళ్లొచ్చానంటే చాలు, ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చూశారా?" అని. రెండోది "నయాగరా?" రెండూ చూశాను. ఫొటోలు కూడా ఉన్నాయి, మా వాళ్లు తీసిన వాటిలో నేను కళ్లు మూసుకున్నవే ఎక్కువ. కానీ నేను ఇప్పుడు మీకు చెప్పబోయేది వాటి గురించి కాదు. ఏ టూరిస్టు బస్సూ ఆగని ఒక కాలేజీ గుమ్మం గురించి, ఒక పాత గ్రామఫోను రికార్డు గురించి. ఇదేం చోద్యం, అమెరికా దాకా వెళ్లి కాలేజీ గుమ్మం చూసొచ్చిందా ఈవిడ అనుకుంటున్నారు కదూ? కాస్త ఓపిక పట్టండి.

మావారికి పాటల పిచ్చి. పిచ్చంటే సినిమా పాటలని కాదు, ఏదైనా సరే. ఆదివారం వచ్చిందంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య పాత రికార్డులు వెదుక్కునేవారు. 1974లో, మా పెళ్లయిన రెండేళ్లకి, అలా ఒక రికార్డు తెచ్చారు. అంచులు అరిగిన అట్ట. ఒక పక్క 'రాప్సొడీ ఇన్ బ్లూ', రెండో పక్క 'యాన్ అమెరికన్ ఇన్ పారిస్'. స్వరకర్త జార్జ్ గెర్ష్విన్. పియానో వాయిస్తూ వాద్యబృందాన్ని నడిపించినది లియొనార్డ్ బెర్న్‌స్టైన్. నాకు ఇవన్నీ ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే, సూది పెట్టగానే అందులోంచి పిల్లి తోక తొక్కినట్టు ఒక కూత వచ్చేది. "ఆ పిల్లిని కాస్త ఆపండి, పాపాయి లేస్తుంది" అని వంటింట్లోంచి కేకేసేదాన్ని.

ఆయన ఆపేవారు కాదు. నాలుగైదు నిమిషాలు పోయాక పిలిచేవారు. "ఏమోయ్, ఒక్క నిమిషం ఇటొచ్చి విను, ఇప్పుడు రైలొస్తుంది!"

"పప్పు పొయ్యి మీదుంది."

ప్రతి ఆదివారం ఇదే సంభాషణ. ఎన్నేళ్లంటారు? లెక్క పెట్టుకోలేదు. పాటలో రైలేమిటి, ఈయన చాదస్తం కాకపోతే అనుకునేదాన్ని.

1994లో చిక్కడపల్లి ఇల్లు ఖాళీ చేసి కూకట్‌పల్లికి మారాం. ఇల్లు మారడమంటే ఆడవాళ్లకి ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అప్పటికి క్యాసెట్లొచ్చేశాయి. రికార్డు ప్లేయర్ సూది విరిగి ఏళ్లయింది. అట్టపెట్టె నిండా రికార్డులు, మోయలేనంత బరువు. పాత సామాన్లవాడు వీధిలో కేకేస్తుంటే పిలిచి ఇచ్చేశాను. రెండు ప్లాస్టిక్ బకెట్లిచ్చాడు. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. లాభసాటి బేరమే అనుకున్నాను కూడా.

కొత్తింట్లో సామాన్లు సర్దుతుంటే అడిగారు, "పాటల పెట్టె ఏది?"

"ఇచ్చేశాను."

"ఓహో" అన్నారు. అంతే. పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లి కూర్చున్నారు. ఆ తర్వాత ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడుకునేవాళ్లం, సరిపోయేది. ఆ ఎర్ర బకెట్టు మాత్రం పన్నెండేళ్లు మా బాత్రూములో ఉంది. రోజూ ఆయన దాంతోనే స్నానం చేశారు.

2019లో ఆయన పోయారు.

మా అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్లకి కొదవలేదు, గోంగూర దగ్గర్నుంచి జంతికల గొట్టం దాకా దొరుకుతాయి. 2024 వేసవిలో వెళ్లాను. నా మనవడు స్కూలు బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. వెళ్లిన నాలుగో రోజున మేడ మీద గదిలోంచి వినబడింది, అదే పిల్లి! అదే కూత! కాకపోతే వీడిది మధ్యలో తెగిపోతోంది. మెట్లెక్కి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "ఇదేమిట్రా?" అంటే "రాప్సొడీ ఇన్ బ్లూ అమ్మమ్మా, ఈ సంవత్సరంతో వందేళ్లయిందట" అన్నాడు. నాకు కాళ్లు ఒణికి వాడి మంచం మీదే కూర్చుండిపోయాను. మా అమ్మాయి కంగారు పడి మంచినీళ్లు తెచ్చింది.

జరిగింది దానికి చెప్పాను. బకెట్ల సంగతి దానికి అంతవరకూ తెలీదు. కాసేపు ఏమీ అనలేదు. అచ్చం తండ్రి లాగే. తర్వాత, "శనివారం న్యూయార్క్ తీసుకెళ్తా పద, అది పుట్టిన చోటు చూద్దువుగాని" అంది.

ఎడిసన్‌లో రైలెక్కితే గంట లోపే న్యూయార్క్ పెన్ స్టేషన్. ఓ మాట, మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి వెళ్తే న్యూయార్క్‌లో తిరిగే రోజున చెప్పులు కాదు, బూట్లే వేసుకోండి. చీర మీద బూట్లేమిటని నేనూ మొదట మొహమాటపడ్డాను. అక్కడ మన కాళ్ల వంక చూసే తీరిక ఎవరికీ లేదు. మెట్లు మాత్రం లెక్కలేనన్ని.

స్టేషన్ నుంచి ముందుగా దగ్గర్లోనే ఉన్న ఇరవై ఎనిమిదో వీధికి నడిపించింది. చూడ్డానికి ఏమీ ఉండదు. నాలుగైదు అంతస్తుల పాత మేడలు, కింద దుకాణాలు. కానీ నూరేళ్లకి పైబడిన కాలం కిందట ఆ మేడల్నిండా పాటల పుస్తకాలు అచ్చేసే కంపెనీలే. ప్రతి గదిలో ఒక పియానో, ప్రతి పియానో మీద ఒక కొత్త పాట. కిటికీలన్నీ తెరిచి అందరూ ఒకేసారి వాయిస్తుంటే సత్తు గిన్నెలు దొర్లించినట్టు ఉండేదట. అందుకే ఆ వీధికి 'టిన్ పాన్ అలీ' అని పేరొచ్చింది. మన భాషలో తప్పేళాల సందు అనుకోండి. అక్కడి ఐదు మేడల్ని 2019లో నగరం వాళ్లు చారిత్రక కట్టడాలుగా ప్రకటించారు. గెర్ష్విన్ పదిహేనేళ్లకే బడి మానేసి అలాంటి ఒక కంపెనీలో చేరాడు. వారానికి 15 డాలర్ల జీతం. పని ఏమిటంటే, పాటలు కొనడానికొచ్చిన వాళ్లకి రోజంతా వాయించి వినిపించడం. మన బట్టల కొట్లో కుర్రాడు చీరలు విప్పి చూపించినట్టు.

వాళ్ల అమ్మ కథ మీకు నచ్చుతుంది. ఆవిడ పేరు రోజ్. రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. భర్త మోరిస్ ఒక వ్యాపారంలో నిలకడగా ఉండేవాడు కాదు. వ్యాపారం మారినప్పుడల్లా ఇల్లు మారేది, పిల్లలు పెద్దయ్యేలోగా ఇరవైకి పైగా ఇళ్లు మారారు. (ఒక్కసారి మారితేనే నేను చేసిన నిర్వాకం మీరు విన్నారు.) 1910లో ఆ తల్లి పెద్దకొడుకు ఐరా కోసమని ఒక పియానో కొంది. మెట్ల మీద పట్టక, తాళ్లు కట్టి కిటికీలోంచి లోపలికి దించారు. తీరా చూస్తే పన్నెండేళ్లు కూడా నిండని చిన్నవాడు జార్జ్ దాని ముందు కూర్చుని ఒక పాట గబగబా వాయించేశాడు. ఎక్కడో స్నేహితుల ఇళ్లల్లో తనంతట తాను నేర్చుకున్నాడట. ఐరా హాయిగా ఊపిరి పీల్చుకుని పుస్తకాల్లోకి వెళ్లిపోయాడు. తర్వాత తమ్ముడి పాటలకి మాటలు రాసింది అతనే. ఎవరి కోసమో కొన్న వస్తువు ఇంకెవరి చేతిలోనో వెలగడం మన ఇళ్లల్లోనూ చూస్తుంటాం.

అక్కణ్ణుంచి నలభై రెండో వీధి. మొదట పెద్ద గ్రంథాలయం వస్తుంది, గుమ్మం ముందు రెండు రాతి సింహాలు. దాని వెనక బ్రయంట్ పార్కు. పచ్చిక చుట్టూ ఆకుపచ్చ కుర్చీలు వేసుంటాయి, ఎవరైనా కూర్చోవచ్చు, డబ్బులడగరు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, మనకి అవసరమైనది. ఆ పార్కులో ఆడవాళ్లకి శుభ్రమైన బాత్రూములున్నాయి, లోపల తాజా పూలు కూడా పెడతారు. ఊరుగాని ఊళ్లో ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం.

పార్కుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఎత్తైన పాత భవనం ఒకటి ఉంది. 1912లో కట్టినది. దాన్ని అయోలియన్ బిల్డింగ్ అనేవాళ్లు. అయోలియన్ అనేది పియానోలు తయారుచేసే కంపెనీ. అందులోనే సుమారు 1100 మంది పట్టే సంగీత సభామందిరం ఉండేది. ఇప్పుడది కళ్ల డాక్టర్ల కాలేజీ. చెవుల కోసం కట్టినది కళ్లకి పనికొస్తోంది. నేను ముందు చెప్పిన గుమ్మం అదే.

1924 ఫిబ్రవరి 12 మధ్యాహ్నం ఆ హాల్లో పాల్ వైట్‌మన్ అనే బ్యాండు నాయకుడు ఒక కచేరీ ఏర్పాటు చేశాడు. ఆధునిక సంగీతంలో ఒక ప్రయోగం అని దానికి పేరు పెట్టాడు. జాజ్ అంటే అప్పటికి పెద్దమనుషుల దృష్టిలో నాట్యశాలల్లో, సారా కొట్లలో వాయించే గోల. దాన్ని సభకెక్కిస్తే ఎలా ఉంటుందో చూపిస్తానన్నాడు. అందుకోసం పియానోకీ బ్యాండుకీ కలిపి ఒక పెద్ద రచన చెయ్యమని గెర్ష్విన్‌ని ముందే అడిగాడు. గెర్ష్విన్ సరేనని మరిచిపోయాడో, వాయిదా వేశాడో. జనవరి మొదటి వారంలో అతను బిలియర్డ్స్ ఆడుకుంటుంటే ఐరా పేపరు తిరగేస్తున్నాడు. అందులో వార్త, జార్జ్ గెర్ష్విన్ ఒక జాజ్ కచర్టో రాస్తున్నాడని! కచేరీకి ఆరు వారాలు కూడా పూర్తిగా లేవు. మన ఇంట్లో పెళ్లని పక్కింటివాళ్లు చెబితే తెలిసినట్టుంది కదూ?

అప్పటికి అతనికి ఇరవై ఐదేళ్లు. పియానో భాగం రాస్తూంటే, రాసిన కాగితం రాసినట్టు ఫెర్డీ గ్రోఫే అనే ఆయన ఇంటికొచ్చి తీసుకెళ్లి బ్యాండులో ఏ వాద్యానికి ఏది ఇవ్వాలో కూర్చేవాడు. నూట పదో వీధిలో వాళ్ల ఇల్లు. వెనక గదిలో పియానో. వచ్చిన గ్రోఫేకి రోజ్ అమ్మగారు రష్యన్ టీ ఇచ్చేవారట. ఆ కొద్ది వారాల్లో ఆవిడ ఎన్ని టీలు కాచిందో ఏ సంగీత చరిత్రలోనూ ఉండదు లెండి.

మా అమ్మాయి ఫోనులో ఇవన్నీ చదివి వినిపిస్తోంది, నేను పులిహోర తింటున్నాను. ఒక చోట ఆగి నా వైపు చూసింది. "అమ్మా, ఇది విను. బోస్టన్ వెళ్తూ రైల్లో కూర్చుంటే, ఆ చక్రాల చప్పుడు, ఆ దడదడ లయలోంచే మొత్తం రచన ఎలా ఉండాలో అతనికి తోచిందట."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

రైలు. ఆయన చెప్పింది నిజమే. ఆ అట్ట వెనక రాసి ఉండేదో, ఆయనకే వినబడిందో మరి. అడగడానికి ఆయన లేరు, చూడ్డానికి అట్ట లేదు.

"పెట్టు, వింటాను" అన్నాను. రెండు చెవుల్లోనూ పెట్టింది.

ముందు పెట్టింది 1924 జూన్ 10న తీసిన రికార్డు. కచేరీ జరిగిన నాలుగు నెలలకే, వైట్‌మన్ బ్యాండుతోనే, పియానో స్వయంగా గెర్ష్విన్. అప్పటికి మైక్రోఫోను పెట్టి రికార్డు చెయ్యడం ఇంకా రాలేదు. గోడలోంచి ఒక పెద్ద తగరపు గరాటు బయటికి ఉంటుంది, వాద్యగాళ్లంతా దాని ముందు ఇరుక్కుని కూర్చుని దానిలోకి వాయించాలి. ఆ శబ్దం బలానికే అవతల సూది కదిలి మైనపు పళ్లెం మీద గీత గీస్తుంది. మన దేశంలో 1902లో గౌహర్‌జాన్ కలకత్తాలో పాడింది కూడా అలాంటి గరాటులోకే. పళ్లేనికి ఒక్కో పక్కకి నాలుగున్నర నిమిషాలకి మించి పట్టదు. అందుకని పదిహేను నిమిషాల పైబడిన రచనని ముక్కలు కోసి, రెండు పక్కలా కలిపి తొమ్మిది నిమిషాలకి కుదించారు. చిన్న గిన్నెలో పెద్ద వంట. వేగం కూడా ఎక్కువే. బస్సు వెళ్లిపోతోందన్నట్టు వాయిస్తారు. గరగర శబ్దం వెనకాల ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది. అయినా ఆ మొదటి కూత వినండి, అది నవ్వుతుంది! అవును, వెక్కిరించినట్టు నవ్వుతుంది.

దాని కథ మా మనవడు చెప్పాడు. గెర్ష్విన్ అక్కడ రాసినది అలాంటి జారుడు కాదట. వరసగా పదిహేడు స్వరాలు, మెట్లెక్కినట్టు విడివిడిగా. రిహార్సల్‌లో రాస్ గోర్మన్ అనే క్లారినెట్ వాద్యగాడు సరదాకి దాన్ని సాగదీసి జారుగా వాయించాడు. గెర్ష్విన్‌కి అది తెగ నచ్చేసి, ఇంకా సాగదియ్యి, ఇంకా ఏడిపించు అని అలాగే ఉంచేశాడు. క్లారినెట్ చిల్లుల మీద వేళ్లు ఒక్కసారి ఎత్తకుండా కొంచెం కొంచెంగా జరుపుతూ, పెదవి బిగువు సడలించాలట. మా వాడికి ఇంకా రాదు, మధ్యలో కీచుమంటుంది.

నేను పెళ్లికి ముందు నాలుగేళ్లు వీణ నేర్చుకున్నాను. జారు అనే గమకం మనకి కొత్తేమీ కాదు. మన పెళ్లి బ్యాండుల్లో క్లారినెట్టు ఊదేవాళ్లు ఇంతకంటే ఒయ్యారంగా జారేవాళ్లు. ఈ 'బ్లూ' అనే మాటలో కూడా అదే ఉంది. నీలం రంగు కాదు, వాళ్ల భాషలో దిగులు. అక్కడి నల్లవాళ్లు పాడుకునే బ్లూస్ పాటల్లో గాంధారం అటు సాధారణమూ కాదు, ఇటు అంతరమూ కాదు, రెండింటి మధ్యా ఊగుతుంది. పియానోకి ఆ మధ్య చోటు లేదు. అందుకని రెండు మెట్లూ పక్కపక్కన నొక్కి ఆ ఊగిసలాటని స్ఫురింపజేస్తారు. ఏళ్ల తరబడి వంటింట్లోంచి విన్నదాన్ని, ఇంత చిన్న సంగతి అప్పుడు పట్టుకోలేకపోయాను. పప్పు సంగతి అలాంటిది మరి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఆ రోజు వేదిక మీద వాయించినవాళ్లంతా తెల్లవాళ్లే. వైట్‌మన్‌కి జాజ్ రాజు అని బిరుదు కూడా ఇచ్చారు. ఆ సంగీతం పుట్టింది మాత్రం నల్లవాళ్ల ఇళ్లల్లో. గెర్ష్విన్ హార్లెం వెళ్లి జేమ్స్ పి. జాన్సన్ లాంటి పియానో విద్వాంసుల దగ్గర కూర్చుని విన్నవాడే. ఆ జాన్సన్ కూడా 'యమెక్రా' అని ఒక రాప్సొడీ రాశాడు. 1928లో కార్నెగీ హాల్లో వాయించారు. విలియం గ్రాంట్ స్టిల్ అనే నల్లజాతి స్వరకర్త 1930లో ఒక పూర్తి సింఫనీ రాశాడు. వాటి పేర్లు ఎంతమందికి తెలుసు? మన పదాలూ జావళీలూ ఎవరి గొంతుల్లో బతికాయో, తర్వాత ఎవరు సభల్లో పాడి దండలు వేయించుకున్నారో మనకి తెలుసు కదా. నాకు అదే గుర్తొచ్చింది. గెర్ష్విన్ గొప్పతనం దీనివల్ల తగ్గుతుందని కాదు. మనం ఇష్టపడేవాళ్ల గురించి ఇది కూడా తెలుసుకుని ఇష్టపడాలని నా ఉద్దేశం.

ఆనాటి కచేరీకి మళ్లీ వస్తాను. కార్యక్రమంలో మొత్తం ఇరవై ఆరు అంశాలు. ఈ రచన చివరి నుంచి రెండోది. అప్పటికే జనం విసిగిపోయారు. హాల్లో గాలి ఆడడం లేదు. కొందరు లేచి వెళ్లబోతున్నారు. అప్పుడు లేచింది క్లారినెట్. అంతే, వెళ్లేవాళ్లు ఆగిపోయారట. పియానో దగ్గర గెర్ష్విన్ ఉన్నాడు. కొన్ని చోట్ల తన భాగం ఇంకా కాగితం మీద పెట్టనే లేదు, అక్కడికక్కడ అల్లుకుంటూ వాయించాడు. బ్యాండు ఎప్పుడు అందుకోవాలో తెలియడానికి వైట్‌మన్ దగ్గరున్న కాగితం మీద 'తల ఊపేదాకా ఆగు' అన్నట్టు రాసుకున్నారు. మన కచేరీల్లో తనియావర్తనం అయ్యేటప్పుడు పాడే ఆయన మృదంగం వైపు చూస్తుంటాడే, అచ్చం అలాగ. వినడానికి వచ్చినవాళ్లలో రష్యన్ విద్వాంసుడు రాఖ్మనినోవ్ కూడా ఉన్నాడు.

మేము ఎదురుగా కూర్చున్నప్పుడే ఇంకో తమాషా జరిగింది. వేసవి మధ్యాహ్నాల్లో ఆ పార్కులో ఒక పియానో పెట్టి వాయిస్తారు. మాకది తెలీదు. నెరిసిన జుట్టాయన ఒకరు వచ్చి కూర్చుని ఏవో పాత పాటలు వాయించాడు. రాప్సొడీ వాయిస్తాడేమోనని చూశాను. వాయించలేదు. అడగమని మా అమ్మాయి మోచేత్తో పొడిచింది కానీ నాకు నోరు పెగల్లేదు.

"ఆ రికార్డు కొందాం అమ్మా" అంది తనే.

గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో పాత రికార్డుల కొట్టుకి తీసుకెళ్లింది. అక్కడ ఈ కాలప్పిల్లలు మళ్లీ రికార్డులు కొంటున్నారు! బీరువాలకి బీరువాలు. గెర్ష్విన్ అని రాసి ఉన్న అర దగ్గర నిలబడి ఒక్కొక్కటీ తీస్తూ వెళ్లాను. ఒకటి 1976లో తీసినది. గెర్ష్విన్ 1925లో తయారుచేసిన పియానో చుట్ట, అంటే కాగితానికి చిల్లులు పొడిచి పియానో తనంతట తాను వాయించేలా చేసేది, దాన్ని తిప్పుతూ చుట్టూ ఈనాటి వాద్యగాళ్లు వాయించారట. పోయిన మనిషితో కచేరీ. మైకేల్ టిల్సన్ థామస్ నడిపించాడు. అది చేత్తో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. తర్వాత ఇంకో ఆరు అట్టలు తిప్పగానే ఆయనది వచ్చింది. ఆయనదంటే, బెర్న్‌స్టైన్‌ది. అదే అట్ట. అంచులు అరిగి ఉన్నాయి. చెప్పొద్దూ, మూలన మావారి పొడి అక్షరాల సంతకం ఉందేమోనని వెదికాను. పిచ్చిదాన్ని కాకపోతే చిక్కడపల్లి పాత సామాన్లవాడు న్యూయార్క్ ఎందుకొస్తాడు? ఐదు డాలర్లు. ఈసారి బకెట్లు ఇవ్వలేదు, నేనే డబ్బులిచ్చాను.

అట్ట వెనకాల చూశాను. రైలు గురించి ఉందా లేదా? అక్షరాలు మరీ చిన్నవి, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను. మా అమ్మాయిని చదవమనలేదు. ఇంటికెళ్లి నేనే చదువుకుంటానన్నాను.

ఆ రికార్డు తీసిన చోటు కూడా చూపిస్తానని బ్రూక్లిన్ తీసుకెళ్లింది. సబ్‌వేకి అప్పట్లో మనిషికి 2 డాలర్ల 90 సెంట్లు. క్లార్క్ స్ట్రీట్ అనే స్టేషన్. భూమికి చాలా లోతున ఉంటుంది, లిఫ్టులోనే పైకి రావాలి, నా మోకాళ్లు బతికిపోయాయి. లిఫ్టు దిగితే మనం ఉండేది సెయింట్ జార్జ్ హోటల్ భవనంలోనే. ఒకప్పుడు న్యూయార్క్‌లోకెల్లా పెద్ద హోటల్, 2600 పైగా గదులు, లోపల ఉప్పునీటి ఈతకొలను. పెద్ద నాట్యశాలలో శబ్దం బాగా పలుకుతుందని కొలంబియా రికార్డు కంపెనీ వాళ్లు వాద్యబృందాన్ని అక్కడికి తీసుకొచ్చి రికార్డు చేసేవాళ్లు. 'అమెరికన్ ఇన్ పారిస్' 1958 డిసెంబరులో, రాప్సొడీ 1959 జూన్‌లో. 1995లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆ హోటల్లో కొంత భాగం కాలిపోయింది. మిగిలిన దాంట్లో విద్యార్థుల వసతిగృహాలున్నాయి. పిల్లలు ఇడ్లీ పొట్లాల్లాంటివేవో పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నారు.

గెర్ష్విన్ పుట్టింది కూడా బ్రూక్లిన్‌లోనే, 1898లో. పోయింది హాలీవుడ్‌లో, 1937 జూలై 11న, మెదడులో కంతి. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆ తల్లి రోజ్ అప్పటికి బతికే ఉంది. ఆ వార్త తెలిసినప్పుడు బెర్న్‌స్టైన్‌కి పద్దెనిమిదేళ్లు. వేసవి శిబిరంలో పిల్లలకి సంగీతం నేర్పే ఉద్యోగం. భోజనాల వేళ పిల్లలూ తల్లిదండ్రులూ గోలగా ఉంటే అందరినీ ఆపి, గెర్ష్విన్ పోయాడని చెప్పి, పియానో మీద అతని రచనే ఒకటి వాయించాడు. చప్పట్లు కొట్టొద్దన్నాడు. ఆ కుర్రాడే పెద్దయ్యాక, ఈ రాప్సొడీ అసలు రచనే కాదు, విడివిడి ముక్కలు పిండిముద్దతో అతికించినట్టుంటుంది, ఏ ముక్క తీసేసినా కథ నడుస్తుంది అన్న అర్థంలో 1955లో ఒక వ్యాసం రాశాడు. అయినా ఆ రాగాలు ఎంత అందమైనవో అందులోనే రాశాడు. నాలుగేళ్లకి తానే కూర్చుని వాయించాడు. మనకి బాగా ప్రేమ ఉన్న మనిషిలో లోపాలన్నీ మనకే కదా తెలిసేది.

హోటల్ పక్క వీధి చివర నది ఒడ్డున నడకదారి ఉంది. బల్ల మీద కూర్చుంటే అవతల మన్‌హటన్ మేడలు. అక్కడ విన్నాను, 1959 నాటిది, మొదటి నుంచి చివరిదాకా, పదహారు నిమిషాలు. గరగర లేదు, ఇరుకు లేదు. ఇది వైట్‌మన్ చిన్న బ్యాండు కాదు, గ్రోఫే తర్వాత పెద్ద ఆర్కెస్ట్రాకి కూర్చినది. పియానో ఒంటరిగా ఉన్నప్పుడు బెర్న్‌స్టైన్ తొందరపడడు, మనసులో మాట చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగి ఆగి వాయిస్తాడు. చివరికొచ్చేసరికి వయొలిన్లన్నీ కలిసి ఒక నిదానమైన పాట అందుకుంటాయి. విమాన ప్రయాణాలు చేసినవాళ్లు ఒక అమెరికా విమాన సంస్థ ప్రకటనల్లో అది వినే ఉంటారు.

దానికంటే చాలా ముందే, పియానో మొదటిసారి కాస్త మాట్లాడి ఆగాక, బూరలు అందుకున్నాయి. దడదడదడ. దడదడదడ. ఔటర్ దాటి ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టు. నేను ఎవరికో చెప్పబోయి పక్కకి తిరిగాను. మా అమ్మాయి నది వైపు చూస్తోంది. దాని చెవుల్లో ఏమీ లేదు కదా, దానికి వినబడలేదు.

తిరిగొచ్చేటప్పుడు రికార్డుని రెండు పట్టుచీరల మధ్య పెట్టి, పైనా కిందా అట్టముక్కలు కట్టి తెచ్చాను. విరగలేదు. మావారి ప్లేయర్ అటక మీదే ఉంది, 1994లో దాన్ని పాత సామాన్లవాడు తీసుకోనన్నాడు. దుమ్ము దులిపి ఆటోలో పెట్టుకుని కోఠీ వెళ్లాను, గుజరాతీ గల్లీకి. అక్కడొక ముసలాయన మూత తీసి చూసి, "ఇంకా ఉందామ్మా ఇది!" అని మురిసిపోయాడు. సూది దొరికింది. బెల్టు మాత్రం సాగిపోయింది, దానికి తగ్గది వెదకాలట. రెండుసార్లు వెళ్లొచ్చాను. మళ్లీ సోమవారం రమ్మన్నాడు.